ధనరాజు చేతిలో సీసా

కరోనాకు ముందు ఏడాది. కాకినాడలో నా రికార్డింగ్ స్టూడియో పెళ్లి పాటలతోనూ, ఎన్నికల పాటలతోనూ ఎలాగో నడిచేది. అప్పుడు ఇంజనీరింగ్ చదివే నలుగురు గిటార్లు, డ్రమ్స్‌ తెచ్చి, పన్నెండు నిమిషాల రాక్ పాట రికార్డు చేసుకున్నారు. తుఫానులో తిరిగిరాని ఒక బోటు కథ అది. ఇంత పొడుగు పాట ఎవరు వింటారనుకున్నాను. కొన్నాళ్లకే ఏ ఊరి తీర్థంలో, జాతరలో చూసినా అదే మోగింది.

ఒకరోజు నూకరత్నం అనే ఆమె వచ్చింది. చేపల గంప గుమ్మం బయట దించింది. పాటలోని సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, ఆమె భర్త ధనరాజు. పేరైనా మార్చలేదు.

"మా ఆయన తాగి పడుకుంటే బోటు మునిగిందని పాడారు కదండీ. ఆయనెప్పుడూ మందు ముట్టలేదండీ. పాటలో ఆయన చేతిలో ఉందన్న సీసా నేనే ఇచ్చాను. వేటకెళ్లే ముందు గంగమ్మ తల్లికని సముద్రంలో పోస్తామండీ."

"పాట వచ్చి చాలా రోజులైంది కదమ్మా."

"మా పెద్దోడూ సరంగేనండీ. తాగుబోతు కొడుకని వాడి బోటులో పనికి కళాసీలు రావట్లేదు."

ఆ నలుగురిలో పాట రాసిన సుధీర్‌ని పిలిపించాను. కొవ్వూరు వైపు రైతుల బిడ్డ.

"సీసాతో బోటెక్కడం చూశామని రేవులో చెప్పారు పిన్నిగారూ. తాగడానికే అనుకున్నాను."

"మూత పళ్లతో పీకాడని కూడా రాశావు! తల్లికిచ్చేది ఎవడైనా ఎంగిలి చేస్తాడా బాబూ?"

వారంలో సుధీర్, ఆ సీసా గంగమ్మకేనని కొత్త చరణం రాశాడు. పంచ్-ఇన్ చేశాం. అంటే పాటంతా అలాగే ఉంచి, ఆ ముక్క మాత్రమే మళ్లీ పాడించి అతికించడం. అతుకు తెలియనంత బాగా కుదిరింది.

ఆ కుర్రాళ్లు కొవ్వూరులో ప్రోగ్రాం పెడితే నూకరత్నాన్ని కూడా తీసుకెళ్లాను. సుధీర్ కొత్త చరణం అందుకున్నాడు. జనం పాతదే పాడారు, అతనికంటే గట్టిగా. అతను ఆపి, జరిగిన పొరపాటు మైకులో చెప్పాడు.

"అన్నా, మర్చిపోయావా? మేం అందిస్తాంలే!" అని ఎవరో అరిచారు. ఈలలు. మళ్లీ పాతదే.

నా పక్కన నూకరత్నం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "పాపం, వాళ్లకేం తెలుసండీ," అంది. "పోదాం రండి."

కొత్త పాట కూడా ఫోన్లలో ఉంది. వినేవాళ్లు తక్కువ. ఆమె కొడుకు ఇప్పుడు వేరొకరి బోటులో కళాసీగా వెళ్తున్నాడు. జరిగిన కథ పాడతామని ఎవరొచ్చినా, మైకు పెట్టకముందే ఆ కథ జరిగిన ఇంటివాళ్లకు వినిపించారా అని అడుగుతున్నాను. చాలామంది లేదంటారు. వినిపించి రండి అంటే, వేరే స్టూడియోకి వెళ్లిపోతారు.