కరెంటు పోయినప్పుడు విన్న డ్రమ్ము

నా కుడి చేయి నా అలవాటు వల్లే పోయింది. లారీ డ్రైవరును తిట్టి లాభం లేదు. నాగర్‌కర్నూలులో ప్రోగ్రామ్ ముగించుకుని పొద్దున్నే బస్సులో గద్వాలకు వస్తున్నాం. డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, చేయి బయటపెట్టి బస్సు రేకు మీద దరువు వేస్తున్నాను. చేతులు బయట పెట్టరాదని కిటికీ మీద, నా తలకు పైనే రాసి ఉంది. ఎదురుగా వచ్చిన లారీ రాసుకుంటూ పోయింది. ఆ క్షణాన నొప్పి తెలియలేదు. దరువు ఎందుకు ఆగిందా అనుకున్నాను, అంతే.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా ఆర్కెస్ట్రాలో జాజ్ డ్రమ్స్ వాయించేవాణ్ణి. క్యాసెట్లలో విన్న ఇంగ్లీషు రాక్ దరువులను సినిమా పాటల్లోకి దూర్చి, అదే గొప్ప విద్య అనుకునేవాణ్ణి.

దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక, నేను తప్ప అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. పెట్టింది తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. మాది నేత ఇల్లు. మగ్గమంటే గిట్టక డ్రమ్స్ పట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు మగ్గంలో కూర్చుందామన్నా రెండు చేతులు కావాలి. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. అమ్మతో చెప్పుకుందామా అంటే, ఆమె పొద్దంతా మగ్గం గుంటలో నడుం విరుచుకునే మనిషి. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు ఉంటుంది.

చివరికి అమ్మే కదిలించింది. "చేయి పోతే పాయె, కాళ్లు లేవారా? నేను పొద్దుగూకే దాంక కాళ్లతోని తొక్కుతలేనా?"

ఆ మాట పట్టుకుని వెల్డింగ్ షాపుకు వెళ్లాను. సైకిల్ బ్రేకు వైరు పెట్టించి ఇంకో పెడల్ చేయించుకున్నాను. కుడి కాలు పెద్ద డ్రమ్ముకి, ఎడమ కాలు సైడ్ డ్రమ్ముకి, మిగిలిన చేయి ఇత్తడి సింబల్స్‌కి. ఆ పెడల్‌ను తర్వాత పదకొండేళ్లు తొక్కాను. మొదటి ఆరు నెలలు మాత్రం ఇంట్లోనే తొక్కి, చుట్టుపక్కల వాళ్ల శాపనార్థాలన్నీ మూటగట్టుకుని, అన్న దగ్గరికి వెళ్లాను. అన్న అంటే మా గాయకుడు. ఆర్కెస్ట్రా పార్టీ కూడా ఆయనదే.

ఆయన వాయించి చూపించమని కూడా అడగలేదు. "రా తమ్మీ, నీ జాగ నీకే ఉన్నది" అన్నాడు.

ఇక చూడండి నా వైభోగం. గోడల మీద 'ఒంటి చేతి డ్రమ్మర్' అని పోస్టర్లు. అయిజలో, మానవపాడులో, రాజోలిలో నేను పుల్ల ఎత్తకముందే చప్పట్లు. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకునేవారు. దండ వేస్తే తల వంచాను, చప్పట్లు కొడితే తల ఊపాను. లోపల ఏమీ కదల్లేదు. ఆ చప్పట్లు పక్కింటివాళ్ల కోసం కొడుతున్నట్టే ఉండేవి.

నేను లేనప్పుడు పార్టీకి కొత్త కీబోర్డు వచ్చింది. దానిలో రిథమ్ బాక్సు ఉంది. మీట నొక్కితే డ్రమ్ము దానంతటదే మోగుతుంది. కీబోర్డు వాయించేది నా దోస్తు. "దీనికి ఒక్క చేయి గూడ లేదు, నాకంటె నయం" అని వాణ్ణి ఆటపట్టించాను. వాడు నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో అప్పుడు ఆలోచించలేదు.

ఏడాది ఇలాగే గడిచింది. వనపర్తిలో ఒక కాలేజీ వార్షికోత్సవం. మధ్యాహ్నం, షామియానా కింద ఉక్కతో ఉడికిపోతున్నాం. మూడో పాటలో ఉండగా కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది, మైకులు ఆగాయి, పిల్లల ఈలలు మొదలయ్యాయి. అన్న పాట ఆపలేదు, ఒట్టి గొంతుతోనే పాడుతున్నాడు. నేనూ ఆపలేదు. స్టేజీ మీద నా డ్రమ్ము ఒక్కటే మోగడం నేను వినడం అదే మొదటిసారి.

ఎడమ కాలు ఆలస్యంగా పడుతోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. బండి వెనక కట్టేసిన దూడలాగా నా దరువు అన్న గొంతు వెనక ఈడ్చుకుంటూ పోతోంది. మరి ఇన్నాళ్లు సౌండు పెట్టెల్లోంచి అంత సరిగ్గా వినబడిన దరువు ఎవరిది? దోస్తు వైపు చూశాను. వాడు తల దించుకున్నాడు.

స్టేజీ దిగాక అడిగాను, ఎన్ని రోజుల నుంచని.

"మొదటి ప్రోగ్రామ్ సంది" అన్నాడు. "నీ ముంగట మైకు ఉంటది గానీ ఆన్ చెయ్యం. బాక్సే నడుస్తది. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

కోపం రావాలి. రాలేదు. ఏడాదిపాటు జనం నా మొండి భుజాన్ని చూశారు, బాక్సును విన్నారు. షామియానా వెనక అన్న ఛాయ్ తాగుతున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, నేను వాయిస్తున్ననా, ఉత్తగ కూసుంటున్ననా? నిజం చెప్పు."

గ్లాసులోకి చూస్తూనే చెప్పాడు. "నిజమంటే… ఈడుస్తున్నవ్ రా. ఇంకొకడైతే ఎప్పుడో తీసేసేటోన్ని."

"అయితే నన్ను గూడ తీసెయ్."

తలెత్తాడు. ఇన్నాళ్లూ ఖాళీ చొక్కా చేతిని చూసి మాట్లాడిన మనిషి, ఇప్పుడు నా ముఖంలోకి చూశాడు. గొంతు పెంచాడు. "సరే. ఇయ్యాల్టి సంది బాక్సు బంద్. నెల టైమిస్త. అప్పటికి గూడ గిట్లనే ఈడిస్తే, చెయ్యి లేదని గియ్యి లేదని చూడ, తీసేస్త. ఏం?"

అప్పుడు వచ్చింది ఏడుపు. చేయి పోయిన తర్వాత మొదటిసారి. సంతోషంతో ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. జాలిపడి ఉంచుకున్నవాణ్ణి ఎవరూ తీసెయ్యరు. తీసేస్తానని బెదిరించేది డ్రమ్మర్‌నే.

"ఏ పాటల్ల ఈడుస్తున్న అన్నా?" అని అడిగాను.

గ్లాసు కింద పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టాడు. పన్నెండు పాటల్లో తొమ్మిది చెప్పాడు. నేను ఏడుస్తూనే ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకున్నాను.