దిగువ లంకలో తిన్న అన్నం

ఈ బరువును చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మోస్తున్నట్టు మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. రెండు చిన్న ద్వీప దేశాల వినియోగ వ్యయాన్ని పోల్చే పాఠం ఒకటుంది. ఏ దేశంలో జనం తిండికీ బట్టకీ ఎక్కువ ఖర్చు పెడుతున్నారో చూసి, ఏది మెరుగో తేల్చాలి. ఏటా అక్కడికి వచ్చేసరికి పాఠం ఆపేస్తాను. దగ్గు వచ్చినట్టు నటిస్తాను. పిల్లలు జాలిపడి మంచినీళ్ళ సీసా అందిస్తారు. సంగతి తెలిస్తే అందిస్తారా?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఎమ్మే చదివే రోజుల్లో మా మాస్టారు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. గోదావరి నడుమ రెండు చిన్న లంకలు. ఎగువ లంక, దిగువ లంక అనేవాళ్ళం. ఒక్కో లంకనీ ఒక్కో దేశం అనుకోమన్నారు ఆయన. పడవలో వచ్చేది దిగుమతి, పడవలో పోయేది ఎగుమతి, ఇంట్లో వాడుకున్నది వినియోగం. ఏ లంక వెనకబడిందో తేలితే దానికి ఒక స్వచ్ఛంద సంస్థ మోటారు పడవ ఇస్తుంది, వరదల్లో రోగుల్ని దాటించడానికి. రెండూ ఒకేలా ఉంటే ఆ పడవ ఉమ్మడిగా ఇద్దరిదీ. ఇంత పెద్ద పని నా చేతికి వచ్చిందని ఎంత మురిసిపోయానో.

ఎగువ లంకలో పని తేలిగ్గానే అయిపోయింది. దిగువ లంకకు వెళ్ళిన రోజు అక్కడ పెద్దకార్యం జరుగుతోంది. చేపలు పట్టే ఒకాయన పోయాడు. భార్య సత్తెమ్మ గారు, ఒక్కగానొక్క కూతురు దుర్గ. దుర్గది నా ఈడే. ఆ లంకలో పెద్దకార్యం ఒక్క ఇంటి పని కాదు. ఒకరు బియ్యం తెస్తారు, ఒకరు నూనె, ఇంకొకరు పెరుగు. లంకంతా కలిసి వండి, లంకంతా కూర్చుని తింటుంది. తన వంతు కోసం సత్తెమ్మ గారు భర్త పడవ అమ్మేశారు.

"పడవ కూడా లేకపోతే రేపు ఎలాగండి?" అని అడిగాను.

"రేపటి సంగతి రేపు చూసుకుంటాం అమ్మాయిగారూ. ఆయన పేరు చెప్పుకుని వచ్చినోళ్ళని ఖాళీ కడుపుతో పంపిస్తామా ఏంటి? మీరూ ఓ ముద్ద తినెళ్ళండి."

దుర్గ ఆకు వేసింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్ళు ఉబ్బిపోయాయి. నేను వద్దంటున్నా ఇంకో గరిటె పప్పు వేసింది. "మా నాన్నకి పప్పంటే ఇష్టమండి, తినండి" అంది. తిన్నాను. ఆకలి మీదున్నాను, రుచిగా కూడా అనిపించింది.

చేయి కడుక్కుని ఇల్లిల్లూ తిరిగాను. ఈ నెల ఏమేం కొన్నారని అడిగితే దాపరికం లేకుండా అంతా చెప్పారు. పెద్దకార్యానికి తెచ్చినవీ కలిపే చెప్పారు. నేనూ కలిపే రాశాను. చావు ఖర్చూ పెళ్ళి ఖర్చూ కలపకూడదని, అలాంటి నెల అయితే మామూలు నెలలో మళ్ళీ వెళ్ళాలని మాస్టారు ముందే చెప్పారు. మర్చిపోయానా? లేదు. గోదారి పెరుగుతోందని భయపడ్డానా? ఆ సాకు నాకు నేనే చాలాకాలం చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ ఖర్చు తీసేస్తే రెండు లంకలూ ఒక్కలాగే పేదవి, తేడా లేని పోలిక తీసుకెళ్తే నన్నెవరు మెచ్చుకుంటారు? కలిపితే దిగువ లంక బాగా బతుకుతున్నట్టు కనబడింది, నిలబడి గట్టిగా చదవడానికి నాకో ముగింపు దొరికింది. చదివాను. మాస్టారూ, సంస్థ వాళ్ళూ చప్పట్లు కొట్టారు. మోటారు పడవ ఎగువ లంకకు వెళ్ళింది.

ఆ తర్వాతి వరదకు దిగువ లంక ఇళ్ళలోకి పాములు కొట్టుకొచ్చాయి. దుర్గను పాము కరిచింది. ఉన్న చిన్న పడవలు ఆ ఉరవడికి నిలవవు. ఎగువ లంకకు ఫోన్ చేశారు. మోటారు పడవ అప్పటికే వాళ్ళ మనుషులతో అవతలి ఒడ్డుకు పోయింది. అది వచ్చేలోగా, రేవులో, తల్లి ఒళ్ళోనే దుర్గ పోయింది.

ఉమ్మడి పడవ అయితే అందేదా? ఏమో. ఆ "ఏమో" వెనక ఇన్నాళ్ళూ దాక్కున్నాను.

దుర్గ పెద్దకార్యానికి వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. సత్తెమ్మ గారు నన్ను గుర్తుపట్టి, చేయి పట్టుకుని తీసుకెళ్ళి ఆకు ముందు కూర్చోబెట్టారు. తన చేత్తోనే పప్పు వేశారు. చెప్పకుండానే ముద్ద కలిపాను. ఏడుస్తూనే తిన్నాను. కూతురి కోసం ఏడుస్తున్నాననుకుని ఆవిడ నా వీపు నిమిరారు. ఆ చేయి ఇప్పటికీ నా వీపు మీదే ఉంది.

ఆవిడ కూడా పోయారు. ఉంటే మాత్రం చెప్పేదాన్నా? పిరికిదాన్ని. మళ్ళీ వెళ్ళి పెట్టింది తిని వచ్చేదాన్నేమో.

దిగువ లంక బాగా బతకలేదు. ఆ నెల వాళ్ళు తమ మనిషిని సాగనంపుకున్నారు, దారిన వచ్చిన నాకూ అన్నం పెట్టారు. ఆ అన్నం తిని, దాన్నే వాళ్ళ కలిమి కింద రాశాను. పొరపాటున కాదు. తెలిసే రాశాను. ఇన్నేళ్ళకు ఈ మాట నా నోటి నుంచి బయటికి వచ్చింది.