గీత బయట మామయ్య

మొన్న సాయంత్రం మావారు టీవీలో కబడ్డీ పెట్టుకుని కూర్చుంటే, బియ్యం ఏరుకుంటూ నేనూ ఓ కన్ను అటు వేశాను. అవుటై బయట కూర్చున్న ఓ పొడుగాటి కుర్రాడు, తన జట్టుకి పాయింటు రాగానే చటుక్కున లేచి లోపలికి పరిగెత్తాడు. "ఎంత సులువుగా లేచాడో చూడండి" అన్నాను. "అందులో ఏముంది, రూలే కదా" అన్నారాయన. రూలే, కాదనను. ఆ రూలు తలకెక్కడానికి మా మామయ్యకి ఎన్నేళ్లు పట్టిందో, అల్లుడిగా తర్వాతెప్పుడో వచ్చిన ఈయనకేం తెలుసు!

మా నాన్న వినుకొండ దగ్గర ఓ పల్లెలో పాస్టరు. దేవుడి తర్వాత ఆయనకు అంత ఇష్టమైనది క్రికెట్టు. ప్రపంచ కప్పు రోజుల్లో ఆ వరస కూడా కాస్త అటూ ఇటూ అయ్యేదని అమ్మ ఎత్తిపొడిచేది. రక్షణ గురించి ఆయన ప్రసంగం చేస్తే ఎక్కడో ఒకచోట బంతి పడాల్సిందే. "వికెట్లు ఎగిరిపోయాయి. బ్యాట్స్‌మన్ తల దించుకుని వెళ్లిపోతున్నాడు. అంతలో అంపైరు నో బాల్ అన్నాడు! అదే కృప!" అంటూ నాన్న చెయ్యి పక్కకి చాచేవారు. వారమంతా మిరపకాయ కోతలకెళ్లి అలిసిపోయిన ఆడవాళ్లు, ఆ చెయ్యి ఎందుకు చాచారో తెలియక, దీవెన ఇస్తున్నారనుకుని భక్తిగా తలలు వంచేవాళ్లు. అప్పటికి నేను నరసరావుపేటలో ఇంటర్ చదువుతున్నాను. నోరు ఊరుకోక, "నో బాల్ అయితే తప్పు బౌలర్ది కదా నాన్నా, మరి మన పాపం సంగతేంటి?" అని అడిగాను. ఆయన కంచం నా ముందుకి జరిపి, "అంత లోతుకి పోకమ్మా, ముందు అన్నం తిను" అన్నారు.

ఇంతకీ ఆ ప్రసంగాలన్నీ నాన్న ఎవరి కోసం చెప్పేవారో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు మా మామయ్య. వయసులో ఉన్నప్పుడు పేరున్న కబడ్డీ ఆటగాడు. ఓసారి పొదిలిలో పోటీలకి వెళ్లి ఉండగా, అమ్మమ్మకి బాగాలేదని కబురు పంపారు. ఫైనల్ ఆడి వస్తానన్నాడు. ఆడి గెలిచాడు. గెలిచినందుకు స్నేహితులతో తాగి అక్కడే పడిపోయాడు. ఇక్కడ అమ్మమ్మ పోయింది. పొద్దుగూకే దాకా శవాన్ని ఉంచి, ఇక లాభం లేదని సమాధి చేశారు. మర్నాడు మెడలో పూలదండతోనే బస్సు దిగాడు మామయ్య. తల్లి మీద పిడికెడు మట్టి వేసే రాత కూడా లేకపోయింది.

ఆ రోజు నుంచి తాగుడు మానేశాడు, ఆటా మానేశాడు. చర్చికి సున్నం వేయడం, క్రిస్మస్‌కి తాటాకుల పందిరి కట్టడం, అన్నీ ఆయనే. కానీ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సమయానికి మాత్రం లేచి బయటికి పోయి, వాకిట్లో అందరి చెప్పుల మధ్య కూర్చునేవాడు. "మా అమ్మ మీద మట్టి వెయ్యని చెయ్యి అక్కా ఇది. దీంతో రొట్టె ఎట్టా పట్టుకోను? ముందు నేను కాస్త మనిషినవ్వాలి" అనేవాడు. ఏళ్లు గడుస్తున్నాయి గానీ, తన లెక్కలో ఆయన మనిషి కావడం లేదు. ఆ ఆదివారాలు అమ్మకి ముద్ద దిగేది కాదు. వీడు ఇలా బయట కూర్చునే పోతాడేమోనని ఆవిడ భయం.

నాన్న తన అమ్ములపొదిలోంచి బై రన్నర్‌ని కూడా తీశారు. "కాలు విరిగినవాడి బదులు ఇంకొకడు పరిగెడతాడు బామ్మర్దీ. రన్నులు మాత్రం విరిగినవాడికే రాస్తారు." మామయ్య శ్రద్ధగా విని, "వాడట్టా పరిగెత్తుతుంటే వీడు సిగ్గులేకుండా చూస్తా నిలబడ్డాడా బావా?" అన్నాడు. నాన్న ఆ రాత్రి పెరుగన్నం కూడా సరిగా తినలేదు.

ఆ ఏడు ఈస్టర్ అయిన వారానికి మిరపకాయలన్నీ గుంటూరు యార్డుకి వెళ్లిపోయి, ఊరి బయట కల్లాలు ఖాళీ అయ్యాయి. ఓ కల్లంలో కుర్రాళ్లు గీతలు గీసి కబడ్డీ పెట్టారు. ఊళ్లో ఈల ఉన్న మనిషి నాన్నొక్కరే కాబట్టి ఆయనే రిఫరీ. ఒక జట్టుకి మనిషి తక్కువైతే మామయ్యని లుంగీ పట్టుకు లాక్కొచ్చారు. మొదటి కూతకే దొరికిపోయి, కల్లంలో మిగిలిన మిరప ఘాటుకి తుమ్ముకుంటూ వెళ్లి గీత బయట కూర్చున్నాడు. ఆయన తర్వాత మరొకడు అవుటయ్యాడు. అప్పుడు ఆ జట్టు కుర్రాడొకడు కూతకెళ్లి, బండలాంటివాడొకడు మీద పడి కాళ్లు పట్టుకున్నా మోకాళ్లు గీరుకుపోతుండగా దేకి, మధ్యగీత అందుకున్నాడు. ఒక పాయింటుకి ఒక్కడే లేవాలి, అదీ ముందు అవుటైనవాడే. మామయ్య లేవలేదు. పక్కవాణ్ణి తట్టి "నువ్వెళ్లరా, నేనేం ఆడాను?" అన్నాడు.

నాన్న ఈల వేశారు. "అట్టా కుదరదు బామ్మర్దీ. వరస నీది. నువ్వేం ఆడావని ఎవడడిగాడు? వాడు మోకాళ్లు చీరుకుని తెచ్చాడు గదరా, లేవకపోతే ఆ తెచ్చింది ఏమైపోవాలి?" అని గదిమారు. అన్నాక ఆయనే బిత్తరపోయి నిలబడ్డారు. మామయ్య ఆ కుర్రాడి మోకాళ్ల వంక చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా లేచి లోపలికి వెళ్లాడు.

తర్వాతి బల్ల ఆదివారం నాన్న ఆటల ఊసే ఎత్తలేదు. రొట్టె తీసే సమయానికి మామయ్య ఎప్పటిలాగే లేచాడు. అమ్మ చూడలేక తల దించేసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన గుమ్మం వైపు తిరగలేదు. చాపల మధ్యనుంచి ముందుకి నడిచి, బల్ల దగ్గర మోకరించి, రెండు చేతులూ చాపాడు. నాన్న చెప్పాల్సిన మాట మర్చిపోయి ఊరికే రొట్టె పెట్టారు. వెనక అమ్మ ఏడుపు చర్చి అంతా వినిపించింది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అందరం తేలికపడ్డాం. అమ్మ కోడికూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, ఎవరూ ఏమనలేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ, "ఏరా, ఇవాళైనా మనిషివయ్యావా?" అని అడిగింది. "లేదక్కా" అన్నాడు మామయ్య, ముద్ద కలుపుకుంటూ. "నా సిగ్గు ఎంతదైనా, తెచ్చినోడి కష్టం దానికంటే పెద్దది గదా. ఇన్నాళ్లూ అదే మర్చిపోయా." నాన్నకి అంతకంటే మంచి ప్రసంగం దొరకదు. ఇది చర్చిలో చెప్పండని నేనడిగితే, అది వాడి సొత్తమ్మా అన్నారు. ఆ పై వారం మళ్లీ క్రికెట్టే.

నాన్నా లేరు, మామయ్యా లేడు. మామయ్య చెప్పుల మధ్య కూర్చున్న ఏళ్లు తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఆ తర్వాత లోపల, అమ్మ పక్కన కూర్చున్న ఏళ్లే ఎక్కువ. కాలం ఎవరికోసమూ ఆగదంటారు గానీ, మా మామయ్య లేచేదాకా మాత్రం ఆగింది.