ఔస్గేర్ అడిగిన పేరు

మా తమ్ముడు ఇంగ్వార్ చేపల పడవ మీద ఇంజను చూసేవాడు. మాటల్లో మహా పిసినారి, పైగా మొండిఘటం. మా అందరిలోకీ చిన్నవాడు ఔస్గేర్ తుఫానులో సముద్రంలో పడితే, ఇంగ్వార్ చెయ్యి పట్టుకుని కూడా పడవలోకి లాగలేకపోయాడు; పట్టు జారి వాడు మునిగిపోయాడు. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా ఆ పేరెత్తితే చాలు, లేచి బయటికి పోయేవాడు.

మా ఐస్‌లాండ్‌లో పోయినవాళ్లు కడుపుతో ఉన్నవాళ్ల కలలోకి వచ్చి తమ పేరు పెట్టమని అడుగుతారు. కాదంటే బిడ్డకు కీడంటారు. మరదలు సోల్వెయ్ నిండు నెలల్లో ఉండగా ఔస్గేర్ కలలో తడి బూట్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడట. పొద్దున్నే మొగుడికి చెప్పింది.

"మునిగిపోయినవాడి పేరు నా బిడ్డకా? కుదరదు," అన్నాడు ఇంగ్వార్. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

పిల్లాడు నీలంగా పుట్టాడు. గుండెలో ఎడమ సగం ఎదగనే లేదు, ఆపరేషనుకు తట్టుకోలేడు, ఈ రోజు గడవడమే కష్టం అన్నాడు డాక్టరు.

మాలో బాప్తిస్మం దాకా పేరు బయటపెట్టరు. అంతవరకూ ఎవరి బిడ్డయినా చిన్నోడే. సోల్వెయ్ పాస్టరును పిలిపించమంది. ఇంగ్వార్ ఆస్పత్రి గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పాస్టరు వచ్చాడంటే వీడు పోతాడని మనం ఒప్పుకున్నట్టే."

"పేరు లేకుండానే పంపిస్తావా వాణ్ణి?" అంది సోల్వెయ్. "వదినా, నువ్వైనా చెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్, నీ మొండితనం ఆ ఇంజను దగ్గర చూపించుకో. రేపు వీణ్ణి ఏమని తలుచుకుని ఏడవాలిరా మేము?"

"నువ్వు మధ్యలోకి రాకక్కా."

అంతలో మంచం పక్కన మిషను కూత పెట్టింది. బిడ్డకు ఊపిరి ఆగింది. నర్సు ఛాతీ నిమిరితే మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. ఇంగ్వార్ ఒక్క అంగలో వచ్చి, ఇంజను నూనె మరకలు వదలని తన వేలు ఆ గుప్పిట్లో పెట్టాడు.

"ఔస్గేర్, వదలకురా. గట్టిగా పట్టుకో."

తను ఏమన్నాడో తెలిసేసరికి ఇంగ్వార్ మొహం పాలిపోయింది.

"అనేశావు," అంది సోల్వెయ్ మెల్లగా. "ఇక వెనక్కి తీసుకోకు."

బిడ్డ చిన్నగా ఊపిరి తీశాడు. పాస్టరు కోసం ఆగే వ్యవధి లేదు. అలాంటప్పుడు బాప్తిస్మం ఎవరైనా ఇవ్వొచ్చు. నర్సు తెచ్చిన నీళ్లు ఇంగ్వారే ఒక చేత్తో బిడ్డ తల మీద చిలకరించాడు. రెండో చేతి వేలు ఆ గుప్పిట్లోనే ఉంది. పేరు మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా.

కాసేపటికి ఆ గుప్పిట సడలిపోయింది. నర్సు మిషను ఆపి, బిడ్డను తల్లి ఒళ్లో పడుకోబెట్టింది. ఇంగ్వార్ మాత్రం వేలు తియ్యలేదు, బిడ్డతోపాటే వంగి నిలబడ్డాడు.

"ఈసారి నేను వదల్లేదక్కా," అన్నాడు.

నర్సు ఏదో చెప్పబోయింది. కాసేపు ఆగమన్నాను.