నోరు తీపి

మా ముత్తాత, తాత అర్ధవీడు వైపు మూడు ఊళ్లకు మునసబులు. వాళ్లెదుట ఎవరూ మా అరుగెక్కలేదు.

పాత కాగితం వాసనకు మద్రాసు వారపత్రిక గుర్తొస్తుంది. మేనత్త అందులో సీరియల్ చదువుతుంటే ఊరివాళ్లు అరుగు కింద కూర్చుని వినేవారు. కథలో దుర్మార్గపు జమీందారు చచ్చిన రోజు సుబ్బమ్మవ్వ అందరికీ బెల్లం పంచింది.

"ఏందట్ల చూస్తావు? పీడ పోయింది, నోరు తీపి చేసుకో తల్లీ."

ఆ ఏడే తాత పోయారు. శవం లేచాక పెరటి గోడ అవతల అవ్వ గొంతు వినిపించింది: "పీడ పోయింది." కథ చదువుతున్నారనుకుని పరుగెత్తి చేయి చాపాను. అవ్వ బెల్లం కొంగులో దాచింది.

"ఇది నీకు కాదులే తల్లీ."

ఆమె కొడుకును తాత బొండకొయ్యలో కాళ్లు బిగించి ఎండలో ఉంచారని తర్వాత తెలిసింది. మునసబుకు ఆ అధికారం ఉండేది.

ఇల్లు పొదిలి వ్యాపారికి అమ్మాం. పెరట్లోని బొండకొయ్య వంటకట్టెల లెక్కలో పోయింది.