సాక్ష్యాల వేళ

చర్చి మందిరంలో పెరిగినవాళ్లకు కొన్ని తెలుగు మాటలు రెండేసి అర్థాల్లో వినిపిస్తాయి. బడిలో కూడిక అంటే లెక్క. మాకు గురువారం సాయంత్రం ఎవరింట్లోనో పాటలు, ప్రార్థన, చివర్న టీ. పోర్టులో సంఘం అంటే యూనియన్. మాకు చాపల మీద కూర్చునే మేమే. సాక్ష్యానికి ఆఫీసుల్లో, కోర్టుల్లో వేరే అర్థం ఉందని మాత్రం మాకు ఎప్పుడూ గుర్తు రాలేదు. మాకు సాక్ష్యమంటే, ఆదివారం పాస్టరుగారి వాక్య ప్రసంగానికి ముందు ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పడం. చెబుతున్నవాళ్లను ఆపకూడదు. ముగించగానే అందరూ స్తోత్రం అనాలి.

మా సంఘపెద్ద ఇందులో అందె వేసిన చెయ్యి. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టు యార్డులో గుమస్తాగా స్థిరపడ్డారు. తుపానులో తన ఇంటి రేకులు ఎగరకపోవడం, దువ్వాడ స్టేషన్లో రైలు తను ఎక్కేదాకా కదలకపోవడం, అన్నిటికీ ఆయన సాక్షి. అవి వింటూ విశ్వాసంలో బలపడినదాన్నే నేనూ.

ఆ యార్డులోనే ఒకరోజు స్టీలు చుట్టలు ఎత్తుతుంటే క్రేను తాడు తెగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తాడు పాడైందని ఆపరేటర్ ముందే చెప్పినా సూపర్‌వైజర్ వినలేదు. ఇప్పుడు తప్పంతా ఆపరేటర్‌దే అంటున్నారు. సోమవారం ఎంక్వైరీ. ఉద్యోగం పోయేలా ఉంది. వాళ్లిద్దరూ కాక ఆ మాట విన్న మనిషి మా పెద్దాయన ఒక్కరే. ఆపరేటర్ భార్య యారాడ నుంచి మా మందిరానికే వస్తుంది. ఆమె పెద్దాయన ఇంటికి వెళ్లి బతిమాలితే, "లోకసంబంధమైన గొడవల్లోకి మనం వెళ్లకూడదమ్మా" అన్నారట.

ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె లేచింది.

"దేవుడికి స్తోత్రం. తాడు తెగినా ఎవులికీ ఏటీ అవనేదు. పాడైపోనాది, ఎత్తనని మా ఇంటాయన ముందే సెప్పినాడు. ఆ మాట ఇన్న పెద్దమనిసిని దేవుడే అక్కడ నిలబెట్టినాడు. ఆయన ఇక్కడే కూకున్నారు. రేపు ఆఫీసులో నిజం సెప్తారని నమ్ముతన్నాను."

ఎవరూ ఆపలేదు. ముందు ఒక ముసలమ్మ, తర్వాత మేమందరం స్తోత్రం అన్నాం. అలవాటుకొద్దీ పెద్దాయన కూడా అన్నారు.

పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. "రేపు ఎన్ని గంటలకు వెళ్తారు పెద్దయ్యా?"

"ప్రార్థన చేసి చూస్తానండి."

"పార్దన మేం సేత్తాం బాబూ, మీరు ఎల్లండి," అంది ముసలమ్మ.

వెళ్లారు. విన్నది విన్నట్టు చెప్పారు.

పై ఆదివారం ఆ సంగతే వివరంగా చెప్పారు: దేవుడు తనను సింహాల గుహలోకి ఎలా నడిపించాడో, తన నోట మాట ఎలా ఉంచాడో. అందులో అబద్ధం లేదు. దేవుడు పనివాళ్లను ఎక్కడ వెతుక్కుంటాడో ఆయన ఇష్టం.

ఆ కథలో ఆమె మాత్రం లేదు. మందిరంలోనూ లేదు. భర్తకు ఆదివారం డ్యూటీ వేశారట. క్యారేజీ ఇవ్వడానికి పోర్టు గేటు దగ్గరికి వెళ్లింది.