కొట్టేసిన మాట

అచ్యుతాపురంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉత్తరాలు, నివేదికలు తెలుగులో రాయడం నా పని. నా చేతిలో పడితే ఏ కాగితమైనా సగానికి తగ్గుతుందని మేనేజరు మెచ్చుకునేవాడు. నాకూ గర్వంగానే ఉండేది. అనవసరమైన మాట కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టుండేది.

ఒకరోజు వాల్వు దగ్గర యాసిడ్ చిమ్మి ఒక ఫిట్టరు కళ్లు కాలాయి. నాలుగో రోజున అతని వాంగ్మూలం కోసం ఆసుపత్రికి వెళ్లాను. రెండు కళ్లకూ కట్టు ఉంది. అతను చెప్పింది రాసుకుని, అక్కడే సాపు చేసి చదివి వినిపించాను. ‘వాల్వు దగ్గర వాసన రావడంతో చూడడానికి వెళ్లాను’ అన్నచోట నన్ను ఆపాడు.

“మల్లీ వాసనొచ్చిందని సెప్పాను సార్.”

ప్రమాదం జరిగింది ఒక్కసారే కదా, ‘మళ్ళీ’ లేకపోయినా అర్థం మారదన్నాను. అతను వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపాడు.

విచారణలో ఆ కాగితమే చదివారు. వాసన వస్తే పైవాళ్లకు చెప్పకుండా సొంతంగా వెళ్లాడు కాబట్టి తప్పు అతనిదేనని తేల్చారు. అది విన్నాక నాకు మనసాగక అతని ఇంటికి వెళ్లి అడిగాను. ప్రమాదానికి రెండు రోజుల ముందే ఒకసారి వాసన వచ్చిందట. సూపర్‌వైజరుకు చెప్పాడట. ఎవరూ పట్టించుకోలేదట. అదంతా నేను కొట్టేసిన ఆ ఒక్క మాటలోనే ఉంది.

వాంగ్మూలం సరిదిద్దాలని మేనేజరును అడిగితే, వేలిముద్ర పడ్డాక కుదరదన్నాడు. తప్పు నాదేనని రాసి విచారణాధికారికి ఇచ్చాను. తీసుకుని ఫైల్లో పెట్టారు. నిర్ణయం మాత్రం మారలేదు. నన్ను స్టోర్సుకు మార్చారు. అక్కడ పని తక్కువ, ఆలోచనలు ఎక్కువ. అన్నేళ్లలో అక్కర్లేదనుకుని ఇంకెందరి మాటలు తీసేశానో, వాటితో పాటు ఏం పోయిందో, ఇప్పుడు ఎవరిని అడగను?

అతనికి ఒక కన్ను పోయింది. ఫిషింగ్ హార్బరులో అన్నగారితో కలిసి వలలు బాగుచేస్తున్నాడు. మొన్న వెళ్లి క్షమించమని అడిగాను. చేతిలో వల కింద పెట్టకుండానే విన్నాడు.

“నానే గట్టిగా సెప్పాల్సింది సార్. సదువుకున్నోలు, మీకే తెలుస్తాదనుకున్నాను.”

నా తప్పును అతను తన మీద వేసుకోవడం నేను తట్టుకోలేకపోయాను. నీ తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పాను. అతను తలూపి, వలలో తెగిన కన్ను కోసం వేళ్లతో తడుముకోసాగాడు.